బావగారి చెరువు

మా రొయ్యల రైతుల గ్రూపులో కొత్తగా చేరేవాళ్ళకు పంపే సందేశం రాసింది నేనే. మొత్తం పదకొండు అంశాలు. ఒక్కో అంశం ఒక్కో వాక్యం, ఏ వాక్యమూ ఫోన్ తెర మీద రెండు వరుసలు దాటకుండా చూసుకున్నాను. చేరగానే మీ ఊరు, చెరువు విస్తీర్ణం, రొయ్య వయసు చెప్పాలి. అడిగే ముందు పాత సందేశాల్లో వెతకాలి. నీటి పరీక్ష అంకెలు లేకుండా జబ్బు గురించి అడగకూడదు. ఫోటో పగటి వెలుతురులో, తెల్ల కాగితం మీద తీయాలి. "అర్జెంట్" అని రాయకూడదు. చివర్లో, గుడ్ మార్నింగ్ బొమ్మలు, దేవుడి పటాలు, పార్టీల గొడవలు వద్దు. ఇలా సాగుతుంది.

ఇందులో ఆరో అంశం ఇది: "మీ సొంత చెరువు గురించి మాత్రమే అడగండి, వేరేవాళ్ళ చెరువు గురించైతే వాళ్ళనే చేరి అడగమనండి." ఏడోది: "అంకెలు రాకముందు ఎవరూ ఊహించి సలహా ఇవ్వకూడదు."

ఇవి సరదాకి రాసినవి కావు. నేను ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేశాను. పాలకొల్లు నుంచి నరసాపురం, మొగల్తూరు దాకా చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరియేటర్లకు కరెంటు ప్యానెళ్ళు బిగిస్తాను, నీటిలో ఆక్సిజన్ కొలిచే మీటర్లు సరిచేస్తాను. గ్రూపు మొదలుపెట్టినప్పుడు ముప్ఫై మందిమి. రెండేళ్ళలో నాలుగు వందలు దాటాం. నియమాలు లేని రోజుల్లో ఒక రైతు "రొయ్య డల్‌గా ఉందండి" అని రాసేవాడు. దానికి అరవై జవాబులు వచ్చేవి. సున్నం వేయమని ఒకరు, వేయొద్దని ఒకరు, నీళ్ళు మార్చమని ఇంకొకరు. చివరికి తేలేదేమిటంటే ఆ చెరువు ఆయనది కాదు, ఎవరో చెప్తే విన్నాడు, ఆ ఎవరో కూడా ఇంకెవరో చెప్తే విన్నాడు. అలాంటివి మూడు నాలుగు జరిగాక కూర్చుని పదకొండు అంశాలు రాశాను. వారం తిరగకుండా గ్రూపు శుభ్రపడింది. ప్రశ్న వస్తే అంకెలతో వచ్చేది, జవాబు కూడా అంకెలతోనే వెళ్ళేది. నాకు గర్వంగా ఉండేది. అది దాచుకోను.

ఇక్కడ బయటివాళ్ళకు తెలియనిది ఒకటుంది. మా వైపు రొయ్యకు జబ్బు తగిలితే ఎవరూ "నా చెరువులో" అనరు. పక్క చెరువులవాళ్ళు అదే కాలువ నీళ్ళు తోడుకుంటారు కాబట్టి నీ తూము దగ్గర కాపలా పెడతారు. కొనే ఏజెంటు చెవిన పడితే రొయ్య చూడకముందే ధర తగ్గిస్తాడు. లీజుకిచ్చిన భూమిగలాయన వింటే వచ్చే ఏడు ఇంకొకరికి ఇస్తాడు. అందుకని టీ బడ్డీ దగ్గరైనా, మేత కొట్టు దగ్గరైనా "మావాడొకడి చెరువులో" అనే అడుగుతారు. వినేవాళ్ళకు అర్థమవుతుంది. ఎవడు, ఏ ఊరు అని ఎవరూ అడగరు. "అయితే మీవాడికి ఇలా చెప్పండి" అని చెప్పాల్సింది చెప్పి, మాట వేరే దాని మీదకి మారుస్తారు. అది మా దగ్గర మర్యాద. మా నాన్న రెండెకరాల చెరువు చేసిన రోజుల్లో, లేని తమ్ముణ్ణి ఒకణ్ణి పెట్టి అడగడం నా చెవులతో నేను విన్నాను.

ఇదంతా తెలిసే ఆరో అంశం రాశాను. ఆ డొంకతిరుగుడు టీ బడ్డీకి సరిపోతుందిగానీ ఫోనుకు పనికిరాదనుకున్నాను. మనిషి ఎదురుగా లేనప్పుడు ముసుగెందుకు అనుకున్నాను. గ్రూపులో ప్రతివాడి ఫోన్ నంబరూ మిగతా నాలుగు వందల మందికి కనిపిస్తుందన్న సంగతి నాకు తట్టలేదు. తట్టి ఉండాల్సింది, ఎందుకంటే అలాంటివి తట్టడమే నా వృత్తి.

కొత్తగా ఒకాయన ఒక ఆదివారం చేరాడు. ఎప్పటిలాగే పదకొండు అంశాలూ పంపాను. గంట తర్వాత జవాబు వచ్చింది.

"అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గరండి. ఇంకా రొయ్యల కల్చర్ మొదలెట్టలేదండి. పెద్దవాళ్ళు చెప్పేవి నేర్చుకుందామని చేరానండి."

మంచిదండి అని రాశాను. నేర్చుకోవడానికి చేరేవాళ్ళంటే నాకు ఇష్టం.

మంగళవారం పొద్దున్న ఏడింటికి ప్రశ్న పెట్టాడు. "మా బావగారి చెరువులో రొయ్య గట్టు పక్కకి వస్తోందండి. నిన్నటి నుంచి ట్రేల్లో మేత మిగిలిపోతోందండి. డెబ్బై రోజుల పంటండి. ఏం చేయమంటారండి?"

రొయ్యలు తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఆరోగ్యంగా ఉన్న రొయ్య పగలు నీటి అడుగున ఉంటుంది. ఈత తప్పి గట్టుకు చేరి, మేత మానేసిందంటే అనుమానించాల్సిన మొదటిది తెల్లమచ్చ జబ్బు. దానికి మందు లేదు. ఉన్న దారి ఒక్కటే. చావు మొదలయ్యే లోపు వల వేసి పట్టేసి, అంటే పట్టుబడి చేసి, వచ్చినంతకు అమ్మేయాలి. డెబ్బై రోజుల రొయ్య అమ్ముడుపోయే సైజే. రోజు ఆలస్యమైతే సగం పోతుంది, మూడు రోజులైతే ఏమీ మిగలదు. ఇవన్నీ ఆ పొద్దున్న నాకు తెలుసు.

నేను రాసింది ఇది: "ఆరో అంశం చూడండి. మీ బావగారిని చేరమనండి."

"ఆయనకి ఇవన్నీ రావండి. పెద్దాయనండి."

"అయితే పీహెచ్, ఆక్సిజన్, ఉప్పుశాతం కనుక్కుని ఒకేసారి పెట్టండి. ఫోటో కూడా."

"ఆయ్. కనుక్కుంటానండి."

ఇంతలో ఆకివీడు వైపు రైతు ఒకాయన, గ్రూపులో అందరినీ నవ్విస్తాడని పేరున్నాయన, అందుకున్నాడు. "బావగారికి ఫోన్ రాదు సరే, రొయ్యలు పెంచడమైనా వచ్చాండి? లేక అదీ మీరే ఫోన్‌లో చెప్తున్నారా?"

నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి. కొత్తాయన కూడా ఒకటి పెట్టాడు. "నిజమేనండి, బావగారు కొంచెం అమాయకుడండి" అని రాశాడు.

మధ్యాహ్నం ఉండి ఊరి వైపు నుంచి ఒక పెద్దాయన రెండు వాక్యాలు పెట్టాడు. ముప్ఫై ఏళ్ళుగా చెరువులు చేస్తున్న మనిషి, గ్రూపులో అరుదుగా మాట్లాడతాడు. "మీ బావగారికి చెప్పండి, సాయంత్రంలోపు వల వేసెయ్యమని. గట్టుకొచ్చిన రొయ్య ఆగదు."

నేను అప్పుడు నరసాపురంలో ఒక ప్యానెల్ మూత విప్పుకుని కూర్చున్నాను. ఒక చేత్తో టెస్టర్, ఇంకో చేత్తో ఫోన్. ఆ సందేశం తీసేశాను. కింద, "ఏడో అంశం. అంకెలు రాకముందు సలహాలు వద్దండి, దయచేసి" అని పెట్టాను. పెద్దాయన రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. సలహా తప్పని నేను తీసేయలేదు. క్రమం తప్పిందని తీసేశాను. అంకెలు వచ్చాక ఆయనే ఆ మాట మళ్ళీ చెప్పొచ్చు అనుకున్నాను.

అంకెలు వెంటనే రాలేదు. మూడింటికి, "బావగారికి ఫోన్ చేశానండి, ఎత్తలేదండి, మళ్ళీ చేస్తానండి" అని వచ్చింది. ఐదింటికి, "ఎత్తారండి. మీటరు పక్కాయన దగ్గరుందంటండి, రేపు పొద్దున్న చూసి చెప్తారంటండి" అని వచ్చింది. బుధవారం పొద్దున్న అంకెలు వచ్చాయి. నీళ్ళలో ఏ లోపమూ లేదు. ఆ అంకెల్ని చూసి కాస్త ఊరట పడ్డాను కూడా. నీళ్ళు బాగున్నా తెల్లమచ్చ వస్తుందని తెలిసి కూడా.

ఫోటో స్టీలు పళ్ళెంలో రొయ్యని పెట్టి తీశాడు. పళ్ళెం మెరుపుకి రొయ్య వీపు తెల్లగా వెలిగిపోతోంది. మచ్చలున్నాయో లేవో చెప్పలేం. "తెల్ల కాగితం మీద తీయాలి. నాలుగో అంశం" అని రాశాను. మళ్ళీ "ఆయ్" అన్నాడు. తిరిగి తీసిన ఫోటో గురువారం వచ్చింది. తల పెంకు మీద ఆవగింజలంత తెల్లటి చుక్కలు కనిపించాయి. "తెల్లమచ్చలా ఉంది. రెండు రొయ్యలు ల్యాబ్‌కి పంపి పీసీఆర్ పరీక్ష చేయించమనండి. రిజల్ట్ వచ్చాక పట్టుబడి సంగతి చూద్దాం" అని జవాబిచ్చాను. పుస్తకం ప్రకారం అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

శుక్రవారం పొద్దున్న పాలకొల్లుకు ఏడెనిమిది కిలోమీటర్లలో ఒక రైతు పిలిచాడు. ఏరియేటర్లు రెండు ఆగిపోతున్నాయట. గట్టు మీద బండి ఆపేసరికి పక్క చెరువు మీద కొంగలు కనిపించాయి. నలభై యాభై ఉంటాయి. కాకులు వేరే. అన్ని పక్షులు ఒకే చెరువు మీద దిగాయంటే కారణం ఒకటే ఉంటుంది.

"ఎవరిదండీ అది?" అని అడిగాను.

"లీజుకి చేస్తున్నాడండి ఒకాయన. పాపం, మాట్లాడటం లేదు ఎవరితోనూ" అన్నాడు నన్ను పిలిచిన రైతు. తర్వాత గొంతు తగ్గించి, "నా తూము మంగళవారమే మూసేశానండి, ఎందుకైనా మంచిదని" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే ఈయన మంగళవారమే గ్రహించాడు. గట్టు మీద నుంచి చూశాడు, అంతే.

పని ముగించుకుని ఆ గట్టు మీదకి వెళ్ళాను. యాభై దాటిన మనిషి మోకాళ్ళ లోతు నీళ్ళలో చేతివలతో చచ్చిన రొయ్యని ఎత్తి బుట్టలో వేస్తున్నాడు. నీళ్ళ అంచున ఎర్రగా తేలిన రొయ్య జానెడు వెడల్పున గట్టంతా పరుచుకుని ఉంది. వాసన అప్పటికే మొదలైంది. ఆయన భార్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఒడ్డున బుట్టలు గోతిలో బోర్లిస్తోంది.

ఆయనే నన్ను ముందు గుర్తుపట్టాడు. గ్రూపులో నా ఫోటో ఉంటుంది.

"నమస్కారమండి. మీరు మన గ్రూపులో ప్యానెళ్ళ బాబుగారు కదండీ?"

నేను నంబరు అడిగాను. చెప్పాడు. ఫోన్‌లో బావగారి సంగతి అడిగిన నంబరుతో పోల్చి చూసుకున్నాను. అదే.

"మరి ఇది... మీ బావగారి చెరువా?"

"ఆయ్. బావగారిదేనండి" అన్నాడు. నీళ్ళలో నిలబడి, చచ్చిన రొయ్యలున్న వల చేతిలో పట్టుకుని కూడా ఆ మాట వదల్లేదు.

ఆయన భార్య బుట్ట కింద పెట్టేసింది. "ఏ బావ బాబూ? నాకు అన్నల్లేరు, ఈయనకి అక్కచెల్లెళ్ళు లేరు. చెరువు మాదే. ఇంకెన్నాళ్ళు చెప్తావయ్యా ఆ బావ కబుర్లు? రొయ్యలు పోయాక కూడా బావేంటి?"

ఆయన వల గట్టు మీద పెట్టి, చేతులు నీళ్ళలో కడుక్కుని పైకి వచ్చాడు. కూర్చోమని ఖాళీ మేత బస్తా ఒకటి పరిచాడు. నేను కూర్చోలేదు.

"మరి ఆ ఫోన్ ఎత్తలేదని, మీటరు లేదని..." అన్నాను.

"మీటరు ఇక్కడే ఉందండి, షెడ్డులో. వెంటనే చెప్పేస్తే, బావగారి చెరువు అంకెలు ఈయనకి అప్పుడే ఎలా తెలిశాయా అని అనుమానం వస్తుందేమోనని ఆగానండి. మీరు బాగా చదువుకున్నవాళ్ళు, కనిపెట్టేస్తారు."

మంగళవారం పొద్దున్న నుంచి బుధవారం పొద్దున్న దాకా ఆయన ఈ షెడ్డు పక్కనే కూర్చుని, లేని బావగారికి ఫోన్ చేస్తున్నట్టు గంటలు లెక్కపెట్టుకుంటూ గడిపాడు. నన్ను నమ్మించడానికి.

"ఉండి పెద్దాయన చెప్పారు కదండీ, వల వేసెయ్యమని. అది చూశారా?" అని అడిగాను. చూడలేదు అంటాడని ఆశపడ్డాను.

"చూశానండి. వెంటనే వల కూలీలకి ఫోన్ కూడా చేశానండి. నాలుగింటికి వస్తామన్నారు. మళ్ళీ చూస్తే ఆ మెసేజ్ లేదండి. మీరు తీసేశారు. మీలాంటివాళ్ళు తీసేశారంటే అది తప్పు సలహా అయ్యుంటుంది, తొందరపడి పచ్చి పంట పట్టేస్తానేమో అనుకుని, కూలీలని వద్దన్నానండి."

ఆయన నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. నేను వేళ్ళ మీద లెక్కవేసుకున్నాను. అది నా అలవాటు, ఆపుకోలేను. మంగళవారం నాలుగింటికి వల పడి ఉంటే పంటలో ఎక్కువ భాగం బతికుండగానే ఐసు పెట్టెల్లోకి వెళ్ళేది. లాభం రాకపోయినా మనిషి నిలబడేవాడు.

"మంగళవారం పట్టేస్తే వచ్చేదాండి?" అని ఆయనే అడిగాడు.

చెప్పలేమండి అని నోటిదాకా వచ్చింది. అక్కడ నిలబడ్డవాడు ఎవడైనా అదే అనేవాడు. కానీ ఈయన నా మాట మీద ఒకసారి అప్పటికే ఆగిపోయాడు.

"వచ్చేదండి. చాలావరకు వచ్చేది. ఆ పెద్దాయన చెప్పింది సరైందే. నేను తీసేయకుండా ఉండాల్సింది."

ఆయన భార్య నా వైపు చూసింది.  బుట్ట ఎత్తుకుని గోతి వైపు నడిచింది. ఆయన చెరువుని చూస్తూ, "మీరేం చేస్తారులెండి. నేనే పద్ధతి తెలీకుండా అడిగాను" అన్నాడు.

నీళ్ళు బయటికి వదలొద్దని, బ్లీచింగ్ ఎంత మోతాదులో వేయాలో, ఎన్ని రోజులు కట్టి ఉంచాలో చెప్పాను. అవి చెప్పేటప్పుడు మాత్రం నా గొంతు మామూలుగా ఉంది.

"వదలనండి. పక్కవాళ్ళవి కూడా పంటలే కదండీ" అన్నాడు. తూము దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. పలకల మధ్య మట్టి కూరి, పైన ఇసుక బస్తాలు వేశాడు. బుధవారమే వేశాడట, పక్కాయన మూసిన తూముకి ఎదురుగా తనవైపు నుంచి కూడా. ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడుకోకుండానే.

బయల్దేరుతుంటే బండి దాకా వచ్చాడు. "రెండు మాటలండి, ఏమీ అనుకోకపోతే."

"చెప్పండి."

"చెరువు నాదని గ్రూపులో తెలియనివ్వకండి. భూమిగలాయన తమ్ముడు కూడా గ్రూపులో ఉన్నాడండి. ఈ చెరువు పోయిందని వాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది. గ్రూపులో ముందే అడిగి, చెప్పించుకుని కూడా పట్టలేదని తెలిస్తే మాత్రం ఇంక నాకు ఇవ్వరండి."

"తెలియనివ్వను. రెండోది?"

"నన్ను గ్రూపులోంచి తీసేయండి. రోజంతా టింగు టింగుమని మోగుతూనే ఉంటుందండి. అందరూ పట్టుబడి ఫోటోలు పెడుతున్నారు. మా ఆవిడ చూడలేకపోతోంది."

"సౌండ్ రాకుండా చేసిస్తానండి. లేదంటే మీరే బయటికి రావచ్చు, ఇక్కడ నొక్కితే చాలు" అని చూపించాను.

"మనంతట మనం లేచి వెళ్ళిపోతే మర్యాదగా ఉండదండి. మీరు చేర్చుకున్నారు. మీరే తీసేస్తే బాగుంటుంది."

ఆయన ముందే, గట్టు మీదే, ఆ పని చేశాను. ఆయన ఫోన్ తెర చూసుకుని తల ఊపి, నమస్కారం పెట్టి, మళ్ళీ నీళ్ళలోకి దిగాడు.

నేను పాలకొల్లు చేరి, బస్టాండు దగ్గర టీ చెప్పి ఫోన్ తీశాను. ఎవర్నైనా తీసేస్తే ఆ సంగతి గ్రూపులో ఒక వరుసగా పడుతుంది, ఎవరు ఎవర్ని తీసేశారో. అందరికీ కనిపిస్తుంది. ఆ వరుస కింద ఆకివీడు ఆయన రాశాడు: "మంచి పని చేశారండి. రూల్స్ చదవరు, అంకెలు పెట్టరు, బావల పేరు చెప్పి అందరి టైమూ తింటారు. ఇలా ఒకరిద్దర్ని తీస్తేగానీ మిగతావాళ్ళకి బుద్ధి రాదు."

దాని కింద బొటనవేళ్ళు. ఇరవై మూడు. నేను చూస్తుండగానే ఇరవై ఆరయ్యాయి. ఒకాయన, "గ్రూపు ఇంత క్రమశిక్షణతో ఉందంటే అడ్మిన్ గారి వల్లేనండి" అని రాశాడు. ఉండి పెద్దాయన ఏమీ రాయలేదు. ఆయన పేరు నొక్కి చూస్తే ఆన్‌లైన్‌లో ఉన్నట్టు మాత్రం కనిపించింది.

నేను తీసేసిన మనిషి తప్పేమీ చేయలేదని టైప్ చేశాను. పంపితే వచ్చే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మరెందుకు తీసేశారు అంటారు. తనే అడిగాడంటే, ఎందుకడిగాడు అంటారు. నాలుగు వందల మందిలో ఒకరికైనా ఆ నంబరు ఎవరిదో తెలిసే ఉంటుంది. మూడో ప్రశ్నకల్లా చెరువు దగ్గరికి వచ్చేస్తారు. అక్షరం అక్షరం చెరిపేశాను.

ఏమీ పెట్టకపోతే అదీ గమనిస్తారు, ఏమైందని ఫోన్ చేసి అడుగుతారు. అందుకని ఆ మెచ్చుకోళ్ళన్నిటి కింద నేను కూడా ఒక నమస్కారం బొమ్మ పెట్టాను.